నిఘా విభాగం మీదే దర్యాప్తు జరిగితే ట్యాపింగ్ రిజిస్టరు ఎవరి దగ్గర ఉండాలి?

2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఒక ఎఫ్‌ఐఆర్ నమోదైంది. ఫిర్యాదు ఇచ్చింది పోలీసు అధికారే, నిందితుడూ పోలీసు అధికారే. రాష్ట్ర పోలీసు నిఘా విభాగంలో మావోయిస్టుల మీద కన్నేసే ఎస్‌ఐబీ అనే శాఖలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. అది కూడా అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, 2023 డిసెంబర్ 4 రాత్రి. ముక్కల్ని మూసీలో పడేశారన్నారు. దర్యాప్తు ముందుకు వెళ్లేకొద్దీ ఆరోపణ పెద్దదైంది. మావోయిస్టుల మీద నిఘా పేరుతో రాజకీయ నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టుల ఫోన్లు విన్నారని, ఒక న్యాయమూర్తిని కూడా వదల్లేదని వార్తలొచ్చాయి. హైకోర్టు తనంత తానుగా విచారణకు తీసుకుంది.

దోషులెవరో కోర్టు తేలుస్తుంది, ఆ పని ఇక్కడ పెట్టుకోను. అసలు చిక్కు వేరే ఉంది. నిఘా విభాగం తలుపు దర్యాప్తు అధికారి తడితే చట్టం తెరవమంటుందా, వెనక్కి పొమ్మంటుందా? నిఘా సంస్థలకు ఒక చట్టం కావాలన్న మాట పార్లమెంటులో పదేళ్ల పైబడి నలుగుతూనే ఉంది. ఆ చట్టం ఎప్పుడొచ్చినా ముందు విప్పాల్సిన ముడి ఇదే.

(హైదరాబాద్‌లో ఒక గందరగోళం కూడా ఉంది. కేంద్ర ఇంటెలిజెన్స్ బ్యూరోకు రాష్ట్రాల్లో ఉండే శాఖల్నీ ఎస్‌ఐబీ అనే అంటారు. అది ఢిల్లీ కింద పనిచేస్తుంది, పంజాగుట్ట కేసులో ఉన్నది రాష్ట్ర పోలీసుది. పేపరు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంటే చాలా అపోహలు తగ్గుతాయి.)

ఉప్పందడం వేరు, రుజువు వేరు

నిఘా వాళ్లు జరగబోయేదాన్ని చూస్తారు, దర్యాప్తు వాళ్లు జరిగిపోయినదాన్ని తవ్వుతారు. నిఘాకి ఉప్పందితే చాలు, అనుమానంతోనే కదలాలి. దర్యాప్తుకి అలా కుదరదు. ఎవరు చూశారు, ఎప్పుడు విన్నారు, ఆ వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఇవన్నీ కోర్టులో ఎదుటి వకీలు ముందు నిలబడాలి.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు, దాడి జరగొచ్చని రెండు రోజుల ముందే సమాచారం వచ్చిందనీ, రాష్ట్రాలకు చెప్పామనీ అప్పటి కేంద్ర హోం మంత్రి సుశీల్‌కుమార్ షిండే అన్నారు. అది నిఘా. ఎక్కడ, ఎవరు, ఎన్నింటికి అన్నది లేని సమాచారం. అదే కేసులో ఎన్‌ఐఏ సాక్షుల్ని, పేలుడు పదార్థాల ఆధారాల్ని కూడగట్టి కోర్టు ముందు పెట్టింది. ప్రత్యేక కోర్టు 2016లో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. అది దర్యాప్తు. ఉప్పందిన రోజుకీ హైకోర్టు తీర్పుకీ మధ్య పన్నెండేళ్లు.

ఈ రెండింటినీ కలిపేస్తే ఏమవుతుందో కూడా ఈ ఊరికి తెలుసు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తరవాత అనుమానం మీద పాతబస్తీ కుర్రాళ్లను పెద్ద సంఖ్యలో పట్టుకెళ్లారు. కేసులు నిలబడలేదు. 2012లో ప్రభుత్వమే కొందరికి పరిహారం ఇచ్చింది. అనుమానం నిఘా ఫైల్లో ఉన్నంతసేపూ దానికో ఉపయోగం ఉంటుంది. అదే ఎఫ్‌ఐఆర్‌లోకి రుజువు వేషంలో వస్తే మనుషుల బతుకులు పోతాయి.

లోపలి నుంచి కోర్టుకి

నిఘా సమాచారం కోర్టుకి ఎలా వెళ్తుందన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ చట్టం కొంతవరకూ తెలివిగానే ఉంది. నేరం గురించి ఎవరు ఉప్పందించారో చెప్పమని పోలీసు అధికారిని బలవంతపెట్టడానికి వీల్లేదు. భారతీయ సాక్ష్య అధినియం 131వ సెక్షన్ ఇదే చెబుతుంది. 1872 నాటి పాత ఎవిడెన్స్ యాక్టులో 125గా ఉన్నది అదే. ఇన్‌ఫార్మర్ ప్రాణం ఆ సెక్షన్ మీద ఆధారపడి ఉంటుంది. అడవిలోనో బస్తీలోనో సమాచారం ఇచ్చిన మనిషి పేరు బయటపడితే ఏమవుతుందో తెలంగాణ పల్లెలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫోన్ ట్యాపింగ్ రికార్డుల సంగతి అంత తేట కాదు. ఉగ్రవాద నిరోధక చట్టమైన ఉపా కేసుల్లో ట్యాప్ చేసిన సంభాషణను సాక్ష్యంగా వాడొచ్చు, కానీ అనుమతి ఉత్తర్వు కాపీని విచారణకు కనీసం పది రోజుల ముందు నిందితుడికి ఇవ్వాలి. ఆ చట్టం 46వ సెక్షన్ షరతు అది. మామూలు కేసుల్లో ఇంత స్పష్టత లేదు. దొంగచాటుగా సంపాదించిన రికార్డింగ్ అయినా కేసుకు సంబంధించినదైతే చెల్లుతుందని 1972లో మల్కానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 2025లో రెండు హైకోర్టులు రెండు దారులు పట్టాయి. అవినీతి కేసులో ట్యాపింగ్ తప్పు కాదని జూన్‌లో ఢిల్లీ హైకోర్టు అంటే, మామూలు నేరాన్ని పట్టుకోవడానికి ట్యాపింగ్ కుదరదని, అలా వచ్చింది సాక్ష్యంగా పనికిరాదని జులైలో మద్రాస్ హైకోర్టు అంది.

బ్రిటన్‌లో ఇంకో పద్ధతి. అక్కడి 2016 చట్టం 56వ సెక్షన్ ప్రకారం ట్యాపింగ్‌లో దొరికింది సాధారణంగా కోర్టులో పెట్టనే కూడదు. నిఘా సంస్థకు ఏం వినగలిగే శక్తి ఉందో బయటపడకూడదన్నది అక్కడి వాదన. వినడానికి బాగానే ఉంటుంది గానీ మన దగ్గర అదే పెడితే, కోర్టు ముందుకు ఎప్పటికీ రాని ట్యాపింగ్‌ని అడిగేవాడే ఉండడు.

బయటి నుంచి లోపలికి

పంజాగుట్ట కేసు రెండో ప్రశ్నకు చెందుతుంది. నేరం నిఘా విభాగం లోపలే జరిగిందని ఆరోపణ వచ్చినప్పుడు దర్యాప్తు లోపలికి ఎలా వెళ్లాలి?

ఫలానా పత్రం తెచ్చివ్వమని దర్యాప్తు అధికారి నోటీసు రాస్తాడు. దానికి బలం పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్. కానీ సాక్ష్య అధినియంలోని 129, 130 సెక్షన్ల జోలికి తాను రానని ఆ 94వ సెక్షనే చెబుతుంది. 129 చూస్తే, రాజ్య వ్యవహారాలకు చెందిన ప్రచురించని ప్రభుత్వ రికార్డుల ఆధారంగా సాక్ష్యం ఇవ్వాలంటే ఆ శాఖాధిపతి అనుమతి కావాలి. అంటే శాఖాధిపతి మీదే ఆరోపణ వస్తే ఆ శాఖ తలుపు తెరవడానికి అనుమతి ఇవ్వాల్సింది కూడా ఆ కుర్చీయే. 1960లో సుప్రీంకోర్టు దాదాపు ఇదే లైన్ తీసుకుంది. 1975లో రాజ్ నారాయణ్ కేసు వచ్చాక, రహస్యమో కాదో చివరికి తేల్చేది జడ్జీయేనన్న మాట గట్టిపడింది. కానీ అది కోర్టు దాకా వెళ్లాక. స్టేషన్ స్థాయిలో ఆ నోటీసు పట్టుకుని నిలబడిన ఇన్‌స్పెక్టరుకు ఆ తీర్పు ఏం ఆసరా?

పత్రాలు దొరికినా ఇంకో గోడ ఉంది. విధి నిర్వహణలో చేసిన పనికి ప్రభుత్వోద్యోగిని ప్రాసిక్యూట్ చేయాలంటే ప్రభుత్వం అనుమతించాలి. ఇష్రత్ జహాన్ ఎన్‌కౌంటర్ కేసులో సీబీఐ 2014లో ఐబీ అధికారుల మీద చార్జిషీట్ వేసింది, మరుసటి ఏడాది కేంద్ర హోం శాఖ అనుమతి ఇవ్వలేదు. ఒక కేంద్ర సంస్థ మరో కేంద్ర సంస్థ అధికారుల మీద వేసిన కేసు ఒక సంతకం దగ్గర ఆగిపోయింది. అధికారులది తప్పా ఒప్పా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, తేల్చే అవకాశమే రాలేదు. కొత్త సంహిత 218వ సెక్షన్ 120 రోజుల గడువు పెట్టింది. ఆలోపు ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. నానబెట్టే రోగానికి ఇది మందు. స్పష్టంగా కాదనేస్తే ఇది కూడా పనిచేయదు.

మరి తెలంగాణ కేసులో దర్యాప్తు లోపలి దాకా ఎలా వెళ్లగలిగింది? చట్టం బలంగా ఉండి కాదు, ప్రభుత్వం మారింది కాబట్టి. కేసు పెట్టించిన వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కానీ నిఘా విభాగం జవాబుదారీతనం ఎన్నికల ఫలితం మీద ఆధారపడితే, అది ఐదేళ్లకోసారి వచ్చే జవాబుదారీతనం. దర్యాప్తు మీద "కక్ష సాధింపు" అన్న ముద్ర వేయడమూ అప్పుడు చాలా తేలికైపోతుంది.

ఒక ట్యాపింగ్ ఉత్తర్వు వెంట నడిస్తే

ఈ చర్చ సాధారణంగా "రహస్యం కావాలా, పారదర్శకత కావాలా" అన్న వాదన దగ్గర ఆగిపోతుంది. టీవీ డిబేట్లకు అది చాలు. నాకైతే అసలు సమస్య కాగితాల్లో కనిపిస్తుంది. అందుకే ఒక ఉత్తర్వు ఎక్కడ పుట్టి ఎక్కడ పోతుందో కొంచెం దగ్గర నుంచి చూద్దాం.

రాష్ట్రంలో ఒక నంబరు వినాలంటే ఉత్తర్వు ఇవ్వాల్సింది హోం శాఖ కార్యదర్శి. కారణం రాయాలి. ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. అత్యవసరమైతే ఐజీ స్థాయి అధికారి ముందు మొదలుపెట్టి తరవాత అనుమతి తెచ్చుకోవచ్చు. ఏడు పని దినాల్లో ఖరారు కాకపోతే ఆపేయాలి, విన్నదాన్ని కోర్టులో సాక్ష్యంగానూ వాడకూడదు. ఇవన్నీ 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 2024 డిసెంబర్‌లో వచ్చిన నియమాలు. అంతకుముందు 1885 టెలిగ్రాఫ్ చట్టం కింద 2007 నాటి 419ఎ నియమం దాదాపు ఇదే చెప్పేది. ఉత్తర్వు టెలికాం కంపెనీలోని నోడల్ అధికారికి చేరుతుంది. పాత నియమంలో అయితే ఆయన రెండు గంటల్లో అందినట్టు రాసివ్వాలి, పదిహేను రోజులకోసారి తనకు వచ్చిన ఉత్తర్వుల జాబితాను నిఘా సంస్థకు పంపి అవి అసలువేనా అని సరిచూసుకోవాలి.

అంటే ఒకే ఉత్తర్వు ఆనవాళ్లు మూడు చోట్ల ఉంటాయి: హోం శాఖలో, నిఘా విభాగంలో, టెలికాం కంపెనీలో. ఈ మూడూ పోల్చి చూస్తే దొంగతనం ఇట్టే బయటపడాలి. మరి ఎందుకు పడదు?

పారేయమని నియమమే చెబుతుంది కాబట్టి. ట్యాపింగ్ ఆగిన రెండు నెలల్లో కంపెనీ తన రికార్డు నాశనం చేయాలి. హోం శాఖ, నిఘా విభాగం ఆరు నెలలకోసారి తమవి నాశనం చేయాలి. పనికి అవసరమైనవి, కోర్టు ఉంచమన్నవి మాత్రమే మినహాయింపు. ఈ నియమం పెట్టింది మన మేలు కోరే. ఒకరి సంభాషణలు ఏళ్ల తరబడి సర్కారు అరల్లో పడి ఉండకూడదన్నది మంచి ఆలోచన. కానీ అదే నియమం మాటలతో పాటు ఆ మాటలు వినమని ఎవరు చెప్పారన్న ఆధారాన్నీ చెరిపేస్తోంది. పౌరుడి గోప్యత కోసం పెట్టిన గడువు, తప్పు చేసిన అధికారికి చట్టబద్ధమైన అగ్గిపెట్టె అయిపోయింది. హార్డ్ డిస్కుల కేసులో రేపు వాదన ఈ ఆరు నెలల నియమం చుట్టూ తిరిగినా నాకు ఆశ్చర్యం లేదు.

రికార్డులు సరిగా లేకపోవడం కొత్త జబ్బు కూడా కాదు. ఫోన్ ట్యాపింగ్ మీద దేశంలో మొదటి పెద్ద తీర్పు పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసుది, 1996 డిసెంబర్‌లో వచ్చింది. ఆ కేసు పుట్టిందే రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ ఇచ్చిన ఒక దర్యాప్తు నివేదిక వల్ల. అందులో ఉన్నది చూడండి: 279 నంబర్లకు అధికార పత్రాలు ఉన్నాయి, ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ ఎంటీఎన్ఎల్ ఇచ్చిన ట్యాపింగ్ జాబితాలో మాత్రం ఆ నంబర్లు లేవు. మరో నాలుగు నంబర్లు జాబితాలో ఉన్నాయి, అనుమతి పత్రాలు లేవు. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇదంతా తెలిసింది. అప్పటికి ఆ కాగితాలు బతికి ఉండటం వల్ల తెలిసింది.

పర్యవేక్షణ లేదా అంటే, ఉంది. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి, న్యాయ శాఖ కార్యదర్శి, హోం శాఖది కాకుండా మరో కార్యదర్శి కలిసిన రివ్యూ కమిటీ రెండు నెలలకోసారి కూర్చుని ఉత్తర్వుల్ని పరిశీలించాలి. ముగ్గురూ ప్రభుత్వోద్యోగులే, బయటి మనిషి ఒక్కడూ లేడు. కేంద్రంలో నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఉత్తర్వులు ఇస్తున్నారని సమాచార హక్కు కింద ఒకప్పుడు బయటికొచ్చింది. ఆ లెక్కన రివ్యూ కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాలని, అది అయ్యే పని కాదని జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. ఒక్కోదానికి నిమిషం కేటాయించినా పది పన్నెండు రోజులు నిద్రలేకుండా కూర్చోవాలి.

కోర్టులు ఎంత దూరం వచ్చాయి

ఫోన్లలోకి చొరబడే పెగాసస్ స్పైవేర్ కేసులో 2021 అక్టోబర్‌లో తీర్పిచ్చిన ధర్మాసనానికి నేతృత్వం వహించింది మన తెలుగువాడు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ. జాతీయ భద్రత పేరు ఎత్తిన ప్రతిసారీ ప్రభుత్వాన్ని అడక్కుండా వదిలేయలేమని ఆ ధర్మాసనం అంది, నిపుణుల కమిటీని వేసింది. కమిటీ 29 ఫోన్లు పరీక్షించింది. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది గానీ అది పెగాససేనని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని కూడా కమిటీ చెప్పింది. గొప్ప మాట అనడం ఒకటి, తలుపు తెరిపించడం ఇంకొకటి.

మీడియా వన్ కేసు నా దృష్టిలో ఇంకా పనికొచ్చేది. ఐబీ నివేదికల ఆధారంగా ఒక మలయాళ చానల్‌కు లైసెన్సు కొనసాగించలేదు, ఆ నివేదికలు సీల్డ్ కవర్‌లో హైకోర్టుకు ఇచ్చారు. చానల్‌కు చూపించలేదు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. నిఘా నివేదిక అయినంత మాత్రాన అంతా రహస్యం అయిపోదని, దాచాల్సిన భాగం నల్లరంగు పూసి మిగతాది ఇవ్వొచ్చని, కావాలంటే కోర్టుకు సాయపడే ఒక వకీలుకు (అమికస్) పూర్తిగా చూపించి ఆయన ద్వారా వాదన వినొచ్చని దారి చూపించింది.

అమెరికాలో 1980 నుంచి దీనికి ప్రత్యేక చట్టమే ఉంది. రహస్య పత్రం బదులు దాని సారాంశం కోర్టులో పెట్టడానికి జడ్జి ఒప్పుకోవచ్చు. సారాంశం సరిపోదు, అసలు పత్రం లేకపోతే నిందితుడికి అన్యాయం జరుగుతుందని జడ్జి తేలిస్తే, ప్రభుత్వం పత్రమైనా ఇవ్వాలి, లేదా ఆ అభియోగమైనా వదులుకోవాల్సి రావచ్చు. నాకు ఈ చట్టంలో నచ్చేది ఇదొక్కటే: రహస్యం ఖరీదు ప్రభుత్వం కట్టాలి. మన దగ్గర ఆ ఖరీదు నిందితుడో బాధితుడో కడుతున్నాడు.

మూలన పడిన బిల్లు

మనీష్ తివారీ 2011లో లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. విదేశీ నిఘా చూసే రా, దేశంలోపల చూసే ఐబీ, సాంకేతిక నిఘా చూసే ఎన్‌టీఆర్‌వోలకు చట్టబద్ధత కల్పించి, వాటి మీద ఒక పర్యవేక్షణ కమిటీ, ఫిర్యాదులకు ట్రైబ్యునల్, ఒక అంబుడ్స్‌మన్ ఉండాలన్నది దాని సారం. చట్టం కాలేదు. ఐబీ 1887లో మొదలైంది, రా 1968లో. వాటి అధికారాల్ని, హద్దుల్ని నిర్ణయించే పార్లమెంటు చట్టం ఇవాళ్టికీ లేదు. పైగా సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా వీటిని పక్కన పెట్టింది. 2023 డేటా రక్షణ చట్టం కూడా నోటిఫై చేసిన సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలు ఉంచింది.

అయితే ఆ బిల్లు వచ్చి ఉన్నా పంజాగుట్ట కేసుకు ఏమీ ఒరిగేది కాదు. అది కేంద్ర సంస్థల గురించి, రాష్ట్ర పోలీసు నిఘా విభాగాలు దాని పరిధిలోనే లేవు. మళ్లీ అలాంటి బిల్లు రాస్తే ట్రైబ్యునళ్లు, కమిటీల కన్నా ముందు రిజిస్టరు సంగతి తేల్చాలంటాను. విన్న మాటలు గడువు ప్రకారం చెరిపేయండి, అభ్యంతరం లేదు. కానీ ఏ నంబరు, ఎవరు అడిగారు, ఎవరు సంతకం పెట్టారు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, ఎప్పుడు చెరిపారు, ఈ ఐదు వివరాలు నిఘా విభాగం చేతిలో లేని మరో చోట, మార్చడానికి వీల్లేకుండా, ఏళ్ల పాటు ఉండాలి. హైకోర్టు రిజిస్ట్రీ ఒక చోటు కావచ్చు. తెరవాలంటే హోం శాఖను అడగక్కర్లేదు, దర్యాప్తు అధికారి జడ్జి ముందు కారణం చూపించాలి. ప్రాసిక్యూషన్ అనుమతి నిరాకరిస్తే ఆ కారణమూ జడ్జికి రాసివ్వాలి.

నిఘాలో పనిచేసినవాళ్లు దీనికి చెప్పే అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నంబరే రహస్యం, ఎవరి మీద కన్నేశామో తెలిస్తే ఆపరేషన్ పోయినట్టే, కోర్టు గుమాస్తాల దాకా వెళ్తే లీకవుతుంది అంటారు. నిజమే, లీకులు అన్ని చోట్లా ఉన్నాయి. నంబర్లను సంకేత రూపంలో దాచి, జడ్జి ఉత్తర్వు మీదే విప్పేలా చేయడం సాంకేతికంగా పెద్ద పని కాదు. ఇన్‌ఫార్మర్ పేరు ఆ రిజిస్టరులో ఉండనే ఉండదు, 131వ సెక్షన్ రక్షణ ఎక్కడికీ పోదు. పైగా ఇప్పుడు కూడా అదే నంబరు ఒక ప్రైవేటు టెలికాం కంపెనీ ఉద్యోగికి తెలుస్తూనే ఉంది కదా.

దీనికి మొత్తంగా ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పోలీసు రాష్ట్ర జాబితాలో రెండో అంశం. తన పోలీసుల్లోని నిఘా విభాగం ఎవరికి లెక్క చెప్పాలో, ఏ రికార్డు ఎక్కడ భద్రపరచాలో తెలంగాణ అసెంబ్లీ చట్టం చేసుకోవచ్చు. టెలిఫోన్లు మాత్రం కేంద్ర జాబితాలో 31వ అంశం. కాబట్టి ట్యాపింగ్ అధికారం, ఆ రెండు నెలల, ఆరు నెలల గడువులు మార్చాలంటే కేంద్రం 2024 నియమాల్ని సవరించాలి. రాష్ట్ర చట్టంలో "నాశనం చేసే ముందు ఈ ఐదు వివరాలు రిజిస్టరులో చేరాయని ధ్రువీకరించాలి" అన్న ఒక్క క్లాజు పెడితే అది ఆ నియమాలతో నేరుగా ఢీకొంటుందా, లేదా అన్నది న్యాయ శాఖ ముందుగా చూసుకోవాలి. ఉత్తర్వుల రికార్డులు కూడా నాశనం చేయాలనే కదా ఆ నియమాలు అంటున్నది, కాబట్టి గొడవ వచ్చేది అక్కడే.